తుపాకికి కొత్త హంగులు, కూలివాడికి పాత హాకా

మక్క కంకి పాలు పోసుకునే వేళకు అడవిపంది చేలో దిగుతుంది. పల్లీకి ఊడలు దిగి కాయ గట్టిపడే వేళకు మళ్లీ దిగుతుంది. ఒక్క రాత్రిలో అర ఎకరం నాగలి పెట్టి దున్నినట్టు చేసి పోతుంది. ఇది తెలంగాణ పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. చేను చుట్టూ పాత చీరెలు కట్టి, మంగలి దుకాణం నుంచి తెచ్చిన వెంట్రుకలు గట్లమీద చల్లి, మంచె ఎక్కి డబ్బా కొట్టి, టపాకాయలు పేల్చి విసిగిపోయిన రైతు చివరకు తుపాకి వైపు చూస్తున్నాడు. ఆ తుపాకి ఎవరిది, దాని ముందు నడిచేది ఎవరు అన్న ప్రశ్న ఈమధ్య మా సంఘం ముందుకు వచ్చింది.

వికారాబాదు వైపు ఒక ఊళ్లో పెద్ద కమతం గల ఆసామి ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర లైసెన్సుతో కూడిన పన్నెండు బోరు సెమీ ఆటోమేటిక్ షికారు తుపాకి ఉంది. హైదరాబాదు పాతబస్తీలోని ఒక పాత దేవిడీ కుటుంబం నుంచి కొన్నది. వస్తువు విదేశీదే గాని ముసలిదైపోయింది, మధ్యమధ్య తూటా ఇరుక్కుంటుంది. అందుకని ఆయన ఊరి ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. ఇంటికి 500 రూపాయలు పట్టీ వేస్తే తుపాకికి కొత్త స్ప్రింగులు, పొడుగు మ్యాగజైన్ గొట్టం, బారెల్‌కు టార్చి, చీకట్లో మెరిసే గురిపూస వేయిస్తాడట. ఆ తరువాత పందుల పని తాను చూసుకుంటాడట. కూలివాళ్లు మాత్రం రాత్రిపూట డప్పులతో వచ్చి హాకా కొట్టాలి, అంటే పందుల్ని పొదల్లోంచి తోలి తుపాకి ముందుకు తేవాలి. ఊరి పని గనుక దానికి కూలి ఉండదు.

ఊరి సభలో ఒక కూలీ అక్క లేచి అడిగింది: "పట్టీ మేమియ్యాలె, హాకా మేమే గొట్టాలె. చీకట్ల గుండు మా మొగోళ్లకు తగిల్తె కేసు ఎవరి మీద అయితది సారూ?" జవాబు చెప్పినవాడు లేడు. సంఘం కనుక్కొని చెప్పాలని తీర్మానించారు. ఆ పనిమీద మేము నగరానికి పోయాము.

ఉస్తాద్ చెప్పిన మాటలు

చార్మినార్ వెనుక సందుల్లో తుపాకి మరమ్మతు చేసిన పాత చేతులు ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. దేవిడీల సిలహ్‌ఖానాలు నిండుగా ఉన్న రోజుల్లో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు ఆకురాయి చేతులు మారింది. మేము కలిసిన ఉస్తాద్ కూడా అలాంటివాడే. లైసెన్సు గల దుకాణంలో జీతానికి పనిచేసి, కళ్లు మందగించి మానుకున్నాడు. ఆసామి తుపాకి సంగతి చెప్పగానే ఆయన మొదట అడిగింది: "అన్నా, అది గ్యాసుదా, ధక్కాదా?"

ఈ ప్రశ్న అర్థం కావాలంటే యంత్రం సంగతి కొంచెం తెలుసుకోవాలి. పన్నెండు బోరు అంటే బారెల్ లోపలి కొలతకు సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌను తూగుతాయని అర్థం. ఆ లోపలి అడ్డుకొలత సుమారు 18.5 మిల్లీమీటర్లు. సెమీ ఆటోమేటిక్‌లో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకే దెబ్బ పేలుతుంది. అయితే ఆ పేలుడు బలంతోనే ఖాళీ తూటా బయటపడి, గొట్టంలో ఉన్న రెండో తూటా తనంతట తానే ఎక్కుతుంది. ఈ పని రకరకాలుగా జరుగుతుంది. అమెరికావాడైన జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన ఆటో-5 అనే తుపాకిని బెల్జియంలోని ఎఫ్.ఎన్. కంపెనీ 1902 నుంచి చేసింది. అందులో పేలుడు ధక్కాకు బారెల్ మొత్తం వెనక్కి జరుగుతుంది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 లాంటి వాటిలో బారెల్‌కున్న చిన్న రంధ్రాల గుండా కొంత గ్యాసు వచ్చి పిస్టన్‌ను నెడుతుంది.

"ధక్కా తుపాకిల కంచు రింగు ఉంటది. భారీ కార్తూసుకు ఒక తీరు, హల్కా కార్తూసుకు ఒక తీరు బిగించాలె. తెల్వనోడు ఉల్టా బిగిస్తడు. కొన్నాళ్లకు ముందట కట్టె పగుల్తది. గ్యాసు దాంట్లె రబ్బరు రింగు పోతది. అసలుది దొరకక మోటరు రింగు కోసి ఏస్తరు. నాలుగు దెబ్బలకు కాలిపోతది" అని ఉస్తాద్ చెప్పాడు.

అసలు భాగాలు ఎందుకు దొరకవంటే 1980ల మధ్య నుంచి సాధారణ పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవటం ఆగిపోయింది. పేరుమోసిన షూటింగ్ క్రీడాకారులకే వెసులుబాటు మిగిలింది. కనుక మన దేశంలో తిరుగుతున్న విదేశీ షికారు తుపాకుల్లో చాలా భాగం పాతవే. అమెరికాలో అయితే ఇలాంటి తుపాకులకు కంపెనీవాడు కాక బయటివాళ్లు చేసి అమ్మే భాగాలే ఒక పెద్ద వ్యాపారం. కొన్నవాడు ఇంట్లో కూర్చుని సైకిల్‌కు బెల్లు, క్యారియర్ బిగించుకున్నట్టు బిగించుకుంటాడు. ఆ బొమ్మలు ఫోనులో చూసి మన ఆసాములకూ కోరిక పుడుతోంది.

ఏ భాగం ఎవరికి మేలు

ఆసామి రాసిచ్చిన జాబితాను ఉస్తాద్ ముందు పెట్టి ఒక్కొక్కటే అడిగాము.

కొత్త స్ప్రింగులు, ఫైరింగ్ పిన్ను, ఖాళీ తూటాను లాగే కొక్కెం - ఇవి అవసరమైన మరమ్మతులే. అరిగిన భాగం మారిస్తే ఇరుక్కోవటం తగ్గుతుంది. తూటా లోపల ఇరుక్కున్న తుపాకి చేతిలో పట్టుకుని చీకట్లో గుంజులాడేవాడు తనకూ ప్రమాదమే, పక్కవాడికీ ప్రమాదమే. కుందా చివర రబ్బరు దిండు వేస్తే కాల్చేవాడి భుజానికి దెబ్బ తగ్గుతుంది. ఇందులోనూ తప్పు లేదు, కాని అది ఆసామి భుజం. ఊరు పట్టీ వేయవలసిన పని కాదు.

బారెల్ మూతిలో బిగించే చోకు అనే గొట్టపు ముక్క మారిస్తే రవ్వలు పరుచుకునే తీరు మారుతుంది. బాగా బిగువైన చోకుతో 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలోకి నూటికి 70 రవ్వల దాకా పడతాయని లెక్క. ఏ బిగువూ లేకపోతే 40 దాకా పడతాయి. అంటే ఎంత మంచి చోకు వేసినా నూటికి 30 రవ్వలు వలయం బయటికే పోతాయి. ఆ బయట ఎవరున్నారన్నదే మన ప్రశ్న. పైగా పెద్ద రవ్వలు పందిని దాటిపోతే వందల గజాలు పోతాయి. ఒంటి గుండు తూటాను బిగువైన చోకులోంచి కాలిస్తే బారెలే ఉబ్బిపోయే ప్రమాదం ఉంది.

మెరిసే గురిపూసను షికారీలు మక్ఖీ అంటారు. అది చీకట్లో కాల్చేవాడి కంటికి తన బారెల్ చివర ఎక్కడుందో చూపిస్తుంది. ఎదురుగా పొద వెనుక కదిలేది పందో, గొంగడి కప్పుకున్న కావలివాడో అది చూపించదు.

బారెల్‌కు బిగించే టార్చి ఇంకా చెడ్డది. చేతిలో దీపం ఉన్నవాడు దేన్నైనా ముందు చూస్తాడు, ఆ తరువాత తుపాకి ఎత్తుతాడు. దీపం తుపాకికే ఉన్నప్పుడు దేన్ని చూడాలన్నా ముందు దానికి తుపాకి గురిపెట్టాలి. అంటే మంచెమీద ఉన్నది మన మనిషేనని తెలుసుకోవటానికి కూడా నిండిన తుపాకిని అతని మీదికి తిప్పాలి.

ట్రిగ్గర్ తేలిక చేసే స్ప్రింగుల మాట ఎత్తగానే ఉస్తాద్ చెయ్యి ఊపాడు. "నేను ఉన్నన్ని దినాలు ఎవరికి జేయలె. చలిల ఏళ్లు మొద్దుబారుతయి. ఘోడా హల్కా ఉంటె, కాలు జారినా పేల్తది."

ఇక పొడుగు మ్యాగజైన్ గొట్టం. నాలుగు తూటాల చోట ఎనిమిది పట్టాలన్నది కోరిక. మొదటి దెబ్బకే మంద చెదిరిపోతుంది. ఆ తరువాత పేల్చేవన్నీ పరుగెత్తే నీడల మీద పేల్చేవే. ఆ నీడల వెనుక డప్పులు పట్టుకుని వచ్చేది హాకా కూలీలు. అమెరికాలోనే వలసపక్షుల వేటకు ఇలాంటి తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టకుండా గొట్టంలో కట్టెముక్క వేయాలన్న నిబంధన 1935 నుంచి ఉంది. అక్కడ అది పక్షుల కోసం పెట్టింది. ఇక్కడ మనుషుల ప్రాణాల సంగతి.

అన్నింటికన్నా ముఖ్యమైన తేడా ఉస్తాద్ లేచి నిలబడి, చేతికర్రతో చూపించాడు. రెండు బారెళ్ల తుపాకిని మధ్యకు విరిచి భుజాన వేసుకుంటే అది పేలదని పది గజాల దూరంలో ఉన్న కూలివాడికి కూడా కనబడుతుంది. సెమీ ఆటోమేటిక్ అలా విరగదు. ఒక దెబ్బ పేలగానే రెండోది ఎక్కి కూర్చుంటుంది. బయటినుంచి చూసేవాడికి నిండుగా ఉందో ఖాళీగా ఉందో తెలియదు. పట్టుకున్నవాడి మాటే నమ్మాలి. ఏ కొత్త భాగం బిగించినా ఈ లోపం తీరదు.

చట్టం ఏమంటున్నది

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకే కాదు, దాని భాగాలు కూడా ఆయుధాలే. కనుక ఫోను నొక్కి విదేశం నుంచి భాగం తెప్పించుకుందామనుకుంటే లైసెన్సు లేకుండా ఆయుధం దిగుమతి చేసినట్టే అవుతుంది. అయిదో సెక్షన్ ప్రకారం తుపాకులు తయారుచేయటానికి, వ్యాపారంగా మరమ్మతు చేయటానికి, మార్పులు చేయటానికి ప్రత్యేకమైన లైసెన్సు ఉండాలి. ఊళ్లో వెల్డింగ్ షాపులో, లేతు మిషన్ దగ్గర గొట్టం అతికించటం కుదరదు. ఆరో సెక్షన్ ప్రకారం బారెల్ పొట్టి చేయటం, తుపాకిని ఒక తరగతి నుంచి మరో తరగతికి మార్చటం అనుమతి లేకుండా చేయరాదు. నొక్కి పట్టుకుంటే వరసగా పేలేటట్టు మారిస్తే అది నిషిద్ధాయుధమే అవుతుంది. 2019 సవరణ తరువాత అయిదు, ఆరు సెక్షన్లను మీరితే ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా కూడా పడవచ్చు. అదే సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది.

ఇందులో కష్టజీవులు గమనించవలసిన సంగతి ఒకటుంది. పట్టీ రాసుకున్న కాగితం మీద ఊరంతా సంతకం పెట్టి, ఆ డబ్బుతో చట్టవిరుద్ధమైన మార్పు జరిగితే, రేపు పోలీసులు వచ్చిననాడు ఆసామికి వకీలు ఉంటాడు. వేలిముద్ర వేసిన కూలివాడికి ఎవరుంటారు?

పంట రక్షణ కోసం చట్టం పదమూడో సెక్షన్‌లో ప్రత్యేకంగా చెప్పింది మూతినుంచి మందు కూరే తుపాకిని, మన పల్లెల్లో భర్మారు అనే దాన్ని. ఆత్మరక్షణకు, క్రీడకు అయితే 20 అంగుళాలకు తగ్గని బారెల్ గల నున్న గొట్టం తుపాకి ఇవ్వవచ్చునని అదే సెక్షన్ అంటుంది. ఆ లైసెన్సయినా కౌలు రైతుకు, రెండెకరాల రైతుకు దక్కటం ఎంత కష్టమో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. ఎన్నికలు వస్తే ఆ తుపాకి కూడా పోలీసు స్టేషన్‌లో అప్పగించమంటారు. 2023లో తెలంగాణ శాసనసభ ఎన్నికల నియమావళి అక్టోబరు 9న మొదలై, పోలింగు నవంబరు 30న జరిగింది. అంటే కోతల కాలమంతా ఎన్నికల కాలమే.

తుపాకి లైసెన్సు ఉన్నంతమాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అడవిపంది కూడా రక్షణ గల జంతువే. నిలిచిన పంటకు ప్రమాదమైతే పదకొండో సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితం లేకుండా కాల్చినవాడిది నేరమే, తోడు పోయినవాడికీ చిక్కే. కేరళలో 2022 నుంచి స్థానిక సంస్థల అధ్యక్షులకే ఈ అనుమతి ఇచ్చే అధికారం అప్పగించారు. అక్కడ కూడా కాల్చేవాడు లైసెన్సు గలవాడే కావాలి.

షికారు ఎవరిది, హాకా ఎవరిది

హాకా అనే మాట మన పల్లెలకు కొత్తది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటలో పేరుమోసినవాడు. ఆయన షికారు శిబిరాల్ని రాజా దీనదయాళ్ తీసిన ఫోటోల్లో ఈనాటికీ చూడవచ్చు. చనిపోయిన పులి, పక్కన తుపాకులు పట్టుకున్న దొరలు కనబడతారు. అడవి చుట్టూ నిలబడి డప్పులు కొట్టి పులిని తోలినవాళ్ల పేర్లు ఏ ఫోటో కిందా ఉండవు. నిజాం పోయిన దారినే దేశ్‌ముఖులు, అధికారులు పోయారు. వేట సరదా వాళ్లది, వెట్టి పల్లెది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్నది కూడా దొర మనుషుల తుపాకే. ఆ వెట్టికి ఎదురు తిరిగిన పోరాటంలో గడీల్లోని షికారు తుపాకులు రైతు దళాల చేతికి వచ్చాయి. ఇంటికింత పట్టీ వేసి, కూలి లేకుండా హాకా కొట్టమన్న మాట వినగానే మా సంఘంలోని పెద్దవాళ్లకు గుర్తుకు వచ్చింది ఆ వెట్టే.

1972 చట్టంతో షికారు సరదా ముగిసింది గాని హైదరాబాదు షికారీల పేరు పోలేదు. 2016 జూన్‌లో బీహారులోని మొకామా ప్రాంతంలో పంటల్ని పాడుచేస్తున్న నీల్‌గాయ్‌ల్ని కాల్చటానికి హైదరాబాదు నుంచే వేటగాళ్లను పిలిపించారు. కొద్ది రోజుల్లోనే 200కు పైగా జంతువుల్ని కాల్చారు. దానిమీద ఆనాటి కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ బహిరంగంగానే వాదులాడుకున్నారు. ఒకరు జంతువుల పక్షం, ఒకరు రైతుల పక్షం అని పత్రికలు రాశాయి. రాత్రంతా చేనుకు కావలి ఉండే కూలీ పక్షాన ఆ వాదంలో ఎవరూ మాట్లాడలేదు.

మరి చేను కాపాడేదెట్లా?

తుపాకి వద్దన్నంత మాత్రాన పంది పోదు. ఆసామి ప్రతిపాదనను కాదన్నాక రైతుకు ఏం చెప్పాలన్నది కూడా మన బాధ్యతే. పక్క చేలో కరెంటు తీగ పరిచినవాళ్లు ఉన్నారు. ఆ తీగకు పందులకన్నా ముందు తెల్లవారుజామున నీళ్లు కట్టటానికి పోయిన మనుషులు బలైపోయిన సంగతి తెలంగాణలో ప్రతి జిల్లా చూసింది. లైను నుంచి నేరుగా ఇచ్చిన కరెంటు పట్టుకుంటే వదలదు. సోలార్ కంచె అలా కాదు. దాని పెట్టె క్షణకాలం ఒక దెబ్బ ఇచ్చి ఆగుతుంది, మళ్లీ ఇస్తుంది. జంతువు బెదిరి పోతుంది, మనిషి చావడు. ఒంటరి రైతుకు దాని ఖర్చు భారమే. పదిమంది చేలు కలిపి ఒకే కంచె వేసుకుంటే ఎకరానికి పడే ఖర్చు బాగా తగ్గుతుంది. పాతబస్తీకి కూతవేటు దూరంలో ఉన్న రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు పల్లీ చేను చుట్టూ ముళ్ల కుసుమ వరసలు, మక్క చుట్టూ ఆముదం వరసలు దట్టంగా వేయమని చెబుతున్నారు. ఇవి పందిని పూర్తిగా ఆపకపోయినా నష్టం తగ్గిస్తాయి.

అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 వానాకాలం నుంచి పంటల బీమాలో చేరుస్తామని కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోటోలతో ఫోను ద్వారా తెలపాలట. పట్టా పుస్తకం లేని కౌలు రైతు ఎవరి పేరు మీద తెలపాలి? ఈ ప్రశ్నను ఇప్పటినుంచే పట్టుకోవాలి.

మేము తిరిగి పోయి ఇవన్నీ ఊరి సభలో వివరించాము. వాదన చాలాసేపు జరిగింది. మూడేళ్లుగా మక్క పోగొట్టుకున్న చిన్న రైతులు ఆవేశపడ్డారు, వాళ్ల కోపం న్యాయమైనదే. చివరకు తుపాకి పట్టీ మాట పక్కన పెట్టారు. అటవీ రేంజి అధికారికి ఊరి పేరున దరఖాస్తు రాశారు. కావలికి ఎకరాల లెక్కన డబ్బు వేసుకోవాలని, కావలి ఉన్న ప్రతి రాత్రికీ కూలి ఇవ్వాలని ఒప్పుకున్నారు. ఆసామికి ఎకరాలు ఎక్కువ గనుక ఆయన వాటా కూడా ఎక్కువే పడింది. ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

ప్రతి ఊళ్లో రైతులు, కౌలు రైతులు, కూలీలు కలిసి ఈ కోర్కెల మీద కదలాలి:

1. పంటకు ప్రమాదమైన చోట అటవీశాఖ తన బాధ్యతపై, తన శిక్షణ పొందిన మనుషులతో పందుల బెడద తొలగించాలి. ఊరి మనుషులను హాకాకు పిలవరాదు.

2. పొలిమేర పొడుగునా ఉమ్మడి సోలార్ కంచెలు, కందకాలు ప్రభుత్వ ఖర్చుతో వేయాలి.

3. రాత్రి కావలికి వేరే కూలి రేటు నిర్ణయించాలి. టార్చి, బూట్లు, ప్రమాద బీమా ఇవ్వాలి.

4. పంట నష్టపరిహారం భూమి సాగుచేసే కౌలు రైతుకే అందాలి.

5. పంట చేతికొచ్చే కాలంలో ఎన్నికలు వస్తే, పంట రక్షణ తుపాకులు అప్పగించిన రైతుల పొలాలకు ప్రభుత్వమే కావలి ఏర్పాటు చేయాలి.

ఇక ఏ ఊళ్లోనైనా తుపాకి బాగుచేయిస్తాం, డబ్బులు వేయండి అన్నవాడు వస్తే రెండు మాటలు అడగండి: అనుమతి కాగితం ఏదీ? కాల్చేటప్పుడు మా మనిషి ఎక్కడ నిలబడాలి? ఈ రెండింటికీ సరైన జవాబు వచ్చేదాకా పైసా ఇవ్వవద్దు, డప్పు ఎత్తవద్దు.